గేటు దగ్గర పలక, స్టేజీ మీద నోరు (వాడ గొంతు – 11వ భాగం)



పోయిన భాగం చదివి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. నాకు ఛందస్సు చెప్పిన గురువు. "ర్యాప్ మనది కాదు నాయనా, అమెరికా అరుపు. తెలుగులో డాక్టరేట్ చేసినోడివి, దాన్ని వెనకేసుకు రావడమేంది?" అన్నారు. ఆయన ముందు ఏనాడూ గొంతు పెంచినవాణ్ని కాదు. సరే సార్ అని పెట్టేశాను. జవాబు ఇక్కడ రాస్తున్నా.

ముందు జరిగింది చెబుతాను. మా కాలేజీ వార్షికోత్సవానికి రెండో ఏడాది కుర్రాడొకడు పేరిచ్చాడు. సుగ్గి మీద ర్యాప్ కట్టుకొచ్చాడు. తెలియనివాళ్ళకు చెబుతున్నా, సుగ్గి అంటే మా కర్నూలు పడమటి పల్లెల జనం ఇంటికి తాళమేసి, పిల్లల్ని ఎత్తుకుని గుంటూరు దిక్కు మిరప తోటలకు కూలికి పోవడం. వాడి పాటలో వాళ్ళమ్మ మిరపకాయలు కోసిన చేత్తోనే అన్నం కలిపి పెడుతుంది. నోరు మండి వాడు ఏడుస్తాడు. ఎందుకేడుస్తావని ఆమె ఒకటి పెరికి, తానూ ఏడుస్తుంది. క్లాసులో వినిపిస్తే ముందు బెంచీ ఆడపిల్లలు తల దించుకున్నారు. వాళ్ళూ ఆ తోటలు చూసినవాళ్ళే.

కమిటీ రెండు నిమిషాల్లో తేల్చేసింది. "ఇది మన సంప్రదాయం కాదు." వెంటనే ఒకాయనకు ఐడియా వచ్చింది. "ఆ పిల్లోనికి పలక కొట్టడం వచ్చు గదా, చీఫ్ గెస్టు కారు దిగేటప్పుడు గేటు దగ్గర కొట్టిద్దాం."

అందరూ బాగుందన్నారు.

నాకు కీల్పాక్ గుర్తొచ్చింది. 2018 జనవరి 6, శనివారం. అప్పుడు నేను రీసెర్చ్ స్కాలర్‌ని. చెన్నైలో కచేరీ ఉందని విని కడపలో రైలెక్కాను. రాజంపేట దాటింది, అన్నమయ్య తాళ్ళపాక ఆ పక్కనే. అరక్కోణం దాటింది. ఆ రోజు నాకు అది మామూలు జంక్షనే. అరివు అనే ర్యాపర్ ఊరు అదేనని తర్వాత తెలిసింది.

సినిమా దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు టెన్మా కలిసి కట్టిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ మొదటి కచేరీ అది. పేరు అయోతీ దాస్ పండితర్ (1845–1914) వాడిన 'కులం లేని తమిళులు' అన్న మాట నుంచి తీసుకున్నారు. స్టేజీ నిండా మనుషులు, అందరికీ ఒకే బూడిద రంగు సూట్లు. అంబేద్కర్ సూటు గుర్తుకు రాకుండా ఎట్లా ఉంటుంది? అంతమందిలో ఒక్కతే ఆడపిల్ల, ఇసైవాణి. ర్యాప్, రాక్, ఉత్తర చెన్నై గానా, అన్నీ ఒకే స్టేజీ మీద. గానా అంటే చావు ఇంటి ముందు రాత్రంతా పాడే పాట. రిజర్వేషన్ మీద పాడారు, మ్యాన్‌హోల్లో చచ్చేవాళ్ళ మీద పాడారు. నాకు అరవం సగమే తెలుసు. ఆ సగం చాలింది.

పరై మోగింది. మా దిక్కు పలక అంటాం. మా తాత దేవరకు కొట్టాడు, చావుకు కొట్టాడు, ఊళ్ళో చాటింపుకు కొట్టాడు. చాటింపులో ఆయన గొంతే వినపడేది గానీ మాట పెద్దింటోళ్ళది. నా చేతికి బడి పలక వచ్చాక ఆ పలక సంగతి నేనెక్కడా ఎత్తలేదు, యూనివర్సిటీలో అసలే ఎత్తలేదు. కీల్పాక్‌లో కొట్టేవాళ్ళే మాట్లాడుతున్నారు. అంతే తేడా. దానికే జనం మధ్యలో నిలబడి ఏడ్చాను. పక్కనున్న తమిళ తమ్ముడు ఏమనుకున్నాడో ఏమో, నీళ్ళ బాటిల్ చేతికిచ్చాడు.

ఇప్పుడు గురువుగారూ, మీ మాటకొస్తా. హైకూ జపాన్‌ది. ఇస్మాయిల్ గారు రాస్తే తెలుగు హైకూ అన్నాం. గజల్ పారసీలో పెరిగి ఉర్దూ మీదుగా వచ్చింది. దాశరథి, సినారె రాస్తే తెలుగు గజల్ అన్నాం. నవల ఇంగ్లీషోళ్ళ దగ్గర నేర్చుకున్నాం. దేన్నీ పాస్‌పోర్టు అడగలేదు. 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో నల్లజాతి పిల్లలు మొదలుపెట్టిన దాని దగ్గరికొచ్చేసరికి మీకు దేశం గుర్తొచ్చింది.

యతి, ప్రాస, ప్రాసయతి మీరే చెప్పారు. అవధాని ఆశువుగా పద్యం చెబితే శాలువా కప్పుతారు. వాడ కుర్రాడు తాళం తప్పకుండా లోపలి ప్రాసలు పేర్చి అప్పటికప్పుడు కడితే అరుపంటారు. 2019లో అరివు తెచ్చిన ఆల్బమ్ పేరు 'తెరుక్కురళ్'. తిరుక్కురళ్‌లో మొదటి అక్షరానికి గుడి తీసేసి ఎత్వం పెట్టాడు, వీధి గొంతు అయింది. గుడి తీస్తే వీధి వచ్చింది సార్! శ్లేష మీద గంటసేపు పాఠం చెప్పే మీకు ఇది కవిత్వం కాదా? అమెరికావాళ్ళే 2018లో, కీల్పాక్ కచేరీ అయిన మూడు నెలలకు, కెండ్రిక్ లమార్‌కు పులిట్జర్ ఇచ్చారు. అంతకుముందు ఆ సంగీత బహుమతి శాస్త్రీయాన్ని, జాజ్‌ను దాటి రాలేదు.

అక్కడంతా బాగుందని కాదు. 'ఎంజాయ్ ఎంజామి' రాసింది అరివు. తేయాకు తోటల్లో చాకిరీ చేసిన వాళ్ళ అవ్వ బతుకులోంచి తీసి రాశాడు. 2021లో రోలింగ్ స్టోన్ ఇండియా ఆ పాటను పొగుడుతూ కవర్ వేసింది, దాని మీద అరివు బొమ్మ లేదు. గొడవయ్యాక అతనికి విడిగా డిజిటల్ కవర్ వేశారు. అదీ గేటు దగ్గర పలకే.

మన ఉద్యమం అన్నలకూ ఒక మాట. గొంగడి, గజ్జెలు ఉంటేనే దళిత పాట అని పిల్లల్ని ఆపొద్దు. గద్దరన్న తన కాలం బాణీ తాను కట్టుకున్నాడు. వీళ్ళది వీళ్ళను కట్టుకోనీయండి.

ఇంకొకటి చెప్పకుండా ముగిస్తే అబద్ధమవుతుంది. ఆ కమిటీలో నేనూ ఉన్నాను. గేటు దగ్గర కొట్టిద్దామన్నప్పుడు నోరు తెరవలేదు. మినిట్స్ బుక్కులో సంతకం కూడా పెట్టాను. మరుసటి రోజు వాడు కారిడార్లో ఆపి అడిగాడు. "సార్, మీరు గూడా ఆ రూములోనే ఉంటిరంట గదా."

ఉన్నా అన్నాను.

గేటు దగ్గర కొట్టనని వాడే పోయి చెప్పేశాడు. నేను సోమవారం నా అసమ్మతి కాగితం మీద రాసి ప్రిన్సిపాల్‌కు ఇస్తున్నా, వాడికి స్టేజీ మీద ఐదు నిమిషాలు అడుగుతున్నా. ఇయ్యకపోతే అదే సాయంత్రం అంబేద్కర్ విగ్రహం దగ్గర మైకు పెడతాం. కర్నూలులో ఆంప్లిఫైయర్, రెండు స్పీకర్లు ఇప్పించగల మిత్రులు ఇన్‌బాక్స్‌కు రండి. కరెంటు కనెక్షన్ మాట్లాడి పెట్టాను.