రాయిని నమ్మి లారీ కిందికా?

"ఎన్నేండ్ల నుంచో ఇట్లనే చేస్తాండాం సామీ, ఏం కాలేదు." కర్నూలు నుంచి కడప దాకా 40వ నంబరు జాతీయ రహదారి పక్కన ఏ పంక్చర్ షాపులో జాకీ స్టాండు మాటెత్తినా ముందు వచ్చే జవాబు ఇదే. దాని వెంటే రెండోది: "చేతనైనోనికి స్టాండెందుకు? రెండు రాళ్లు పెడితే సాలదా?" ఇక బండి జారి మనిషి నలిగిపోయిన రోజున మూడో మాట: "వాని రాత." ఈ మాటలు ఒక్క మెకానిక్కులవే కావు. లారీ ఓనర్లవి, ట్రాక్టరున్న రైతులవి, ఆదివారం ఇంటి ముందు కారు టైరు తామే విప్పుకునే ఉద్యోగస్తులవి కూడా. మూడూ తప్పుడు మాటలే. మూడూ ఒకదానికొకటి కాపు కాస్తున్నాయి గనకే ఇంకా చలామణీలో ఉన్నాయి.

హైడ్రాలిక్ జాకీ లోపల ఉండేది ఒక చిన్న పిస్టన్, ఒక పెద్ద పిస్టన్, రెంటికీ మధ్య నూనె. 1795లో లండన్‌లో జోసెఫ్ బ్రామా ఈ సూత్రంతో ప్రెస్సు తయారుచేసి పేటెంటు తీసుకున్నాడు. 1851లో న్యూయార్క్‌లో రిచర్డ్ డడ్జన్ దాన్ని చేత్తో మోసుకుపోయే జాకీగా మార్చి పేటెంటు పొందాడు. చిన్న పిస్టన్ వ్యాసం ఒక సెంటీమీటరు, పెద్దదానిది అయిదు అనుకుంటే బలం 25 రెట్లవుతుంది. హ్యాండిల్ పొడవు వల్ల వచ్చే రెట్లు దానికి అదనం. అందుకే బక్కపలచని క్లీనరు కూడా ఒంటి చేత్తో లారీని లేపేస్తాడు.

మనం మోసపోయేది సరిగ్గా ఇక్కడే. లేపడం ఇంత సులువైతే నిలిపి ఉంచడమూ అంతే సులువనుకుంటాం. లెక్క వేసి చూద్దాం. 2018లో కేంద్రం పెంచిన పరిమితి ప్రకారం నాలుగు టైర్లున్న ఒంటి ఇరుసు మీద 11.5 టన్నుల బరువు ఉండొచ్చు. అందులో సగం, అంటే 5,750 కిలోలు, నాలుగున్నర సెంటీమీటర్ల వ్యాసమున్న పిస్టన్ మీద పడిందనుకోండి. లోపలి నూనెలో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 360 కిలోలు దాటుతుంది. లారీ టైరులో ఉండే గాలి ఎనిమిది కిలోలో, అంతకు కాస్త అటూ ఇటూనో. నూనె గాలిలాగా పేలదు, నిజమే. కానీ సీలు తెగితే ఆ ఆరు టన్నులు దిగకుండా ఆపేది ఇంకేమీ ఉండదు. టైరుకు గాలి పడుతుంటే పక్కకు జరిగి నిలబడే మనం, దానికి నలభై అయిదు రెట్ల ఒత్తిడిని ఆపుతున్న రబ్బరు సీలును నమ్మి తల కింద పెడుతున్నాం.

ఇదైనా చట్టం ఒప్పుకున్న బరువుకే. బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు నుంచి నాపరాళ్లు ఎక్కించుకొచ్చే లారీని చూడండి. లోడు బాడీలో సగం ఎత్తు కూడా ఉండదు, ఖాళీ బండిలా కనిపిస్తుంది. ఘనమీటరు సున్నపురాయి రెండున్నర టన్నులకు పైమాటే. కంటిచూపుతో బరువు అంచనా వేసి పది టన్నుల జాకీ చాలనుకునేవాడు, కొలవని బరువు కిందికి వెళుతున్నాడన్నమాట.

ఇప్పుడు అసలు సంగతి, రాయి.

మన సీమలో రాయి మీద నమ్మకం ఈనాటిది కాదు. 1872లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ కడప, కర్నూలు రాతి శ్రేణుల మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఆ పొరల్లోంచి వచ్చిన నాపరాయే మన ఇంటి నేల, మిద్దె కప్పు, చేని చుట్టూ పాతిన కంచె. అంతగా అలవాటైన వస్తువు గనక జాకీ నేలలోకి దిగబడుతుంటే చేయి పోయేది దాని మీదికే. చాగలమర్రి దాటాక రోడ్డు పక్కన అట్లా ఆపిన లారీని ఒకసారి దగ్గరగా చూశాను. జాకీ అడుగున అంగుళం మందం నాపరాయి. రాయి కింద ఎండి నెర్రెలిచ్చిన నల్లరేగడి. ఒక నెర్రె రాయి నడిమికి అడ్డంగా పోతోంది. పిస్టన్ నిలువుగా లేదు, రోడ్డు వైపు వాలింది. ఎత్తు చాలక పిస్టన్ తల మీద చెక్కముక్క, దాని మీద పాత ఇనుప ప్లేటు ముక్క. ఇరుసు కింద ఆసరాగా ఒకదాని మీద ఒకటి పేర్చిన మూడు గుండ్లు. అవి ఇరుసును తాకను కూడా లేదు, నాలుగు వేళ్ల సందుంది. క్లీనరు భుజాల దాకా లోపలికి దూరి డ్రమ్ము వెనక ఏదో తడుముతున్నాడు. పక్కన బస్సు పోయినప్పుడల్లా లారీ బాడీ సన్నగా ఊగుతోంది.

రాయిని మీది నుంచి నొక్కితే ఎంతైనా ఓరుస్తుంది. వంచితే ఓర్వదు. నొక్కుడుకు ఓర్చే బలంలో దాదాపు పదో వంతు కూడా లాగుడుకు ఉండదు. నేల అంతటా ఆనని బండ నడుమ జాకీ అడుగు పెట్టామంటే దాన్ని వంచుతున్నట్టే. పైగా నాపరాయి పొరలు పొరలుగా విడిపోయే రాయి. పగిలేముందు మూలగదు, వంగదు, ఒక్కసారిగా రెండు ముక్కలవుతుంది. చెక్క అట్లా కాదు. ముందు నొక్కుకుపోతుంది, కిర్రుమంటుంది, చీలిక కంటికి కనబడుతుంది. తప్పుకోవడానికి మనిషికి ఆ వ్యవధి చాలు.

"రాతి కూసాల మీద ఇండ్లు నిలబడలేదా?" అని అడుగుతారు. నిలబడ్డాయి. ఆ రాయి పునాదిలో అంతటా ఆనుకుని కూర్చుంది, మీది బరువు కదలదు. లారీ చక్రాల మీద ఉంది. టైరు కింద అడ్డం సరిగా లేక అంగుళం ముందుకు దొర్లినా జాకీ పక్కకు ఒరుగుతుంది, పేర్చిన గుండ్లు దొర్లిపోతాయి. నాలుగు వేళ్ల సందున్న గుండ్లు బండి పడడాన్ని ఆపవు. పడిన బండి నాలుగు వేళ్ల వేగం పుంజుకుని వాటిని గుద్దుతుంది, అంతే.

రోడ్డు మీద ఆగిన డ్రైవరు ఇనుప స్టాండ్లు ఎక్కడ మోసుకు తిరుగుతాడన్న మాటలో న్యాయం ఉంది. మెత్తటి రేగడిలో స్టాండు కాళ్లు కూడా దిగబడతాయి. కానీ దానికి విరుగుడు రాయి కాదు, మన దగ్గరే దొరికే నల్లతుమ్మ మొద్దులు. చదునుగా కోయించి, ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం పేర్చి, ఇరుసును నిదానంగా వాటి మీదికి దించాలి. బరువు మొద్దుల మీదికి వచ్చాక జాకీ ఊరికే తోడుగా ఉండాలి. విప్పిన టైరును ఛాసిస్ కింద పడుకోబెడితే అది మరో కాపలా. జాకీ అడుగుకంటే నాలుగు వైపులా పెద్దదైన రెండంగుళాల పలక ఒకటి బండిలో ఎప్పుడూ ఉండాలి. మే నెలలో తారు మెత్తబడిన రోడ్డుకైనా, వాన పడ్డ రేగడికైనా అదే పనికొస్తుంది. ఎదుటి టైర్లకు రెండు వైపులా అడ్డాలు వేయడం, నట్లు బండి నేల మీద ఉండగానే వదులు చేయడం అందరికీ తెలిసినవే. తెలిసీ తొందరలో వదిలేసేవి కూడా అవే.

ఆలంపురం గుడికి రాళ్లు మోసిన బండ్లు తుంగభద్ర దాటేముందు కర్నూలు దగ్గర ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవని ఊళ్లో కథ ఉంది. అంత శ్రద్ధకు పేరున్న చోట జాకీకి పడుతున్న గతి చూస్తే బాధేస్తుంది. నూనె తగ్గితే బ్రేక్ ఆయిల్ పోస్తారు. "ఏ ఆయిలైనా ఆయిలే" అంటారు. కాదు. మామూలు బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ జాతిది, జాకీ సీళ్లు ఖనిజ నూనెకు చేసిన రబ్బరు. ఆ రబ్బరు బ్రేక్ ఆయిల్‌లో ఉబ్బి, మెత్తబడి, చివరికి చిరుగుతుంది. ఇంజన్లోంచి తీసిన పాత ఆయిల్ పోస్తే అందులోని ఇనుప రజను వాల్వుల్లో చేరుతుంది. జాకీకి జాకీ నూనే పోయాలి, పిస్టన్ పూర్తిగా దించి పోయాలి. లోపల గాలి చేరి హ్యాండిల్ మెత్తగా పోతుంటే రిలీజ్ స్క్రూ వదులు చేసి కొన్నిసార్లు పంపు కొట్టి బిగించాలి. పని అయ్యాక పిస్టన్ పైకి వదిలేస్తే తుప్పు గుంతలు పడతాయి, రాతి దుమ్ము అంటుకుంటుంది, మరుసటిసారి ఆ గరుకే సీలును కోస్తుంది. ఓవర్‌లోడ్ స్క్రూను బిగించి "పవర్ పెంచాం" అనుకోవడం, హ్యాండిల్‌కు పైపు తొడగడం, ఈ రెండూ కావాలని జాకీ పీక నొక్కడమే. బరువు ఎత్తి పది నిమిషాలు వదిలేస్తే కిందికి దిగే జాకీని ఆ రోజే పక్కన పెట్టాలి.

ఎత్తిన టిప్పర్ బాడీదీ ఇదే కథ. మంగంపేట ముగ్గురాయి గనుల దగ్గరైనా, ఎర్రగుంట్ల సిమెంటు దారుల్లోనైనా ఆ బాడీని పైన ఉంచేది నూనే. ఇనుప ఊత పెట్టకుండా గ్రీజు గన్ను పట్టుకుని దాని కింద దూరకూడదు.

అమెరికా పని భద్రతా నిబంధనలు బరువు లేపిన వెంటనే దిమ్మెలతో భద్రం చేయాలంటాయి, మామూలుగా వాడే జాకీనైనా ఆరు నెలలకోసారి పరీక్షించాలంటాయి. అక్కడి మెకానిక్కులకు చేతకాకనా? మనిషి నేర్పు సీలు లోపలికి వెళ్లి పనిచేయదు గనక. ఎన్నేళ్లుగా ఏం కాలేదన్నవాడు చెబుతున్నది తన సంగతి. ఆ ఏళ్లన్నీ అరిగింది సీలు.

"రాత" అన్న మాట మీద నాకు ఎక్కువ కోపం. ఆ మాటతో విచారణ ఆగిపోతుంది. జాకీలో ఏ నూనె ఉంది, స్టాండు ఎందుకు కొనలేదు అని ఎవరూ ఓనరును అడగరు. లారీకి ఒక్క కొత్త టైరు వేయించే డబ్బులో కోయించిన మొద్దులు, పలక, స్టాండ్ల జత వచ్చేస్తాయి. టైరు అరిగితే మారుస్తారు, క్లీనరుకు మాత్రం రాళ్లు చూపిస్తారు. లారీ ఓనర్ల సంఘాలు తమ సభ్యుల ప్రతి బండిలో పలక, మొద్దులు ఉండాలని తీర్మానం చేయాలి. ఎఫ్‌సీకి వచ్చిన బండిలో ప్రథమ చికిత్స పెట్టె అడిగే అధికారులు వీటినీ అడగాలి. అవి లేని బండి కిందికి పోనని చెప్పిన క్లీనరుకు ఆ రోజు కూలి కోయకూడదు.