అట్ట మీద అసలు సంగతి రాయండి

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమస్తాగా ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. పొద్దున్నే టిక్కీ (మిర్చి బస్తా) విప్పి మచ్చు తీయడం, కాయ విరిచి గింజ చూడడం, గుప్పిట్లో పోసుకుని ఆడించి ఆ గలగలను బట్టి తేమ ఎంతుందో అంచనా కట్టడం నా పని. ధరలు రాసేటప్పుడు తేజ, 334, బ్యాడిగి అని రకం ఒక్కటే రాస్తే సరిపోదు. ఏసీ సరుకా, నాన్ ఏసీ సరుకా అన్నది కూడా రాయాలి. కోల్డ్ స్టోరేజీలో నిలవ ఉన్న కాయ ఎంత నిగనిగలాడుతున్నా కళ్లంలోంచి నేరుగా వచ్చిన కాయ పేరుతో అమ్మకూడదు. నిలవ కాయ తక్కువదని కాదు, ఒక్కోసారి మంచి ధర దానికే పలుకుతుంది. కానీ ఏది కొంటున్నాడో కొనేవాడికి తెలియాలి.

పాత గ్రామఫోన్ రికార్డుల్ని మళ్లీ అచ్చేసి అమ్మేవాళ్లని నేను అడిగేది కూడా ఈ ఒక్క మాటే. దేని నుంచి తీశారో అట్ట మీద రాయండి.

నాకు ఈ రికార్డుల పిచ్చి పట్టింది 1984లో. మిర్చి లోడు లెక్క తేల్చుకోవడానికి మద్రాసు వెళ్లి, తిరుగు రైలుకి టైముందని సెంట్రల్ స్టేషన్ పక్కనున్న మూర్ మార్కెట్లోకి వెళ్లాను. అక్కడ పాత పుస్తకాల మధ్య ఒక ఎల్పీ కనిపించింది. హిందీ సినిమా సంగీత దర్శకులు శంకర్-జైకిషన్ చేసిన ‘రాగా జాజ్ స్టైల్’, 1968లో వచ్చింది. ఆ శంకర్ హైదరాబాదులో పెరిగినవాడనీ, తెలుగు వచ్చినవాడనీ విని ఉన్నాను కాబట్టి పన్నెండు రూపాయలు పెట్టి కొన్నాను. ఇంటికొచ్చి పెడితే రయీస్ ఖాన్ సితార్, మనోహారీ సింగ్ శాక్సఫోన్, జాన్ పెరీరా ట్రంపెట్ ఒకదాని వెంట ఒకటి పలికాయి. మాల్‌కౌంస్ మొదలవగానే లేచి కూర్చున్నాను. అది మన హిందోళమే! చిన్నప్పటి నుంచి పెళ్లి పందిళ్లలో సన్నాయి మీద విన్న రాగాన్ని ఇత్తడి వాద్యాలు పలికిస్తున్నాయి. జాజ్ నాకు పరాయిది కాకుండా పోయింది ఆ సాయంత్రమే. ఆ మరుసటి ఏడాది మూర్ మార్కెట్ మంటల్లో కాలిపోయింది. అందులో ఎన్ని రికార్డులు బూడిదయ్యాయో!

రికార్డు చూడడం మచ్చు చూడడం లాంటిదే. వేళ్లు గాడులకు తగలకుండా అంచులు పట్టుకుని ట్యూబులైటు కింద ఏటవాలుగా తిప్పాలి. పైపైన వెంట్రుకల్లాంటి గీతలుంటే భయం లేదు. గాడులే బూడిద రంగుకు తిరిగితే మాత్రం బరువైన ముల్లు వాటిని తినేసిందన్నమాట, దాన్ని వదిలేయాలి. తర్వాత మధ్య కన్నం చుట్టూ లేబుల్ చూడాలి. అక్కడ సన్నటి గీతలు ఎక్కువగా ఉంటే ఆ రికార్డు చాలాసార్లు తిరిగిందని గుర్తు. చివరి గాడికీ లేబుల్‌కీ మధ్య ఖాళీ జాగాలో అచ్చు నంబరు ఉంటుంది. అమెరికా జాజ్ రికార్డులు సేకరించేవాళ్లు పాత బ్లూ నోట్ ఎల్పీల మీద ఆ జాగాలోనే రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ గుర్తు వెతుకుతారు. దాని గాడులు కోసింది ఆయనేనని ఆ గుర్తు చెబుతుంది. నంబరు మారిందంటే గాడులు మళ్లీ కోశారని అర్థం. మళ్లీ కోయడం తప్పు కాదు. దేన్ని ముందు పెట్టుకుని కోశారన్నదే ప్రశ్న.

నాలుగేళ్ల కిందట ఒక పాత శాక్సఫోన్ ఎల్పీ కొత్త అచ్చు వచ్చిందంటే విదేశం నుంచి తెప్పించుకున్నాను. ఖర్చులన్నీ కలిపి నాలుగు వేలు దాటింది. దళసరి అట్ట, దాని మీద 180 గ్రాములని బంగారు అక్షరాలు. ముల్లు పెట్టాను. చప్పుడు లేదు, చిటపటలు లేవు. పావుగంట గడిచేసరికి ఏదో వెలితి తోచింది. నా దగ్గరున్న పాత ప్రతి తీసి అదే పాట పెట్టాను. అది అరిగిన రికార్డు, చిటపటలు ఎక్కువే. అయినా ఆ వాయించే మనిషి వరసకీ వరసకీ మధ్య ఊపిరి పీల్చుకోవడం అందులో వినిపించింది. డ్రమ్ము మీద తీగల కుంచె రాసుకునే సరసర వినిపించింది. కొత్తదాంట్లో ఆ రెండూ లేవు. టేపులోని సన్నటి హోరును కంప్యూటర్లో తుడిచేస్తూ దాంతోపాటు మనిషి ఊపిరిని కూడా తుడిచేశారు. 180 గ్రాములంటే తూకమే తప్ప నాణ్యత కాదు. నీళ్లు చల్లిన టిక్కీ కూడా బరువు తూగుతుంది.

అలాగని పాతదంతా బంగారమనీ, కొత్తదంతా నకిలీ అనీ నేను అనను. జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 1959లో చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ సంగతే చూడండి. దాని మొదటి వైపు పాటలు రికార్డు చేసిన టేపు యంత్రం కొంచెం నెమ్మదిగా తిరిగింది. దాంతో రికార్డులో శ్రుతి అసలు వాయించినదానికన్నా పైకి పోయింది. ముప్పై ఏళ్లకు పైగా లోకమంతా తప్పు శ్రుతిలోనే విన్నది. దాన్ని 1990ల్లో మళ్లీ వేసినప్పుడు సరైన వేగంలో నడిచిన రెండో టేపు వెతికి తీసి సరిచేశారు. ఇక్కడ కొత్త అచ్చే నిజం చెప్పింది. మూలం ఏదో వెతికి తీయడం వల్లే ఆ మేలు జరిగింది.

చెవి ఉన్నవాడికి తేడా తెలియదా, అట్ట మీద రాయడం దేనికని కొందరు అంటారు. తెలియదు. మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికా కంపెనీ తన ఎల్పీల మీద ‘అసలు మాస్టర్ రికార్డింగ్’ అని అచ్చేసి ఖరీదుకు అమ్మేది. నేరుగా టేపు నుంచే గాడులు కోస్తున్నారని కొనేవాళ్లు నమ్మారు. మధ్యలో డిజిటల్ మెట్టు ఉందని 2022 జులైలో బయటపడింది. ఆ రికార్డుల్ని ఎన్నో ఏళ్లు మెచ్చుకున్నవాళ్లలో తలపండిన శ్రోతలు కూడా ఉన్నారు. వాళ్ల చెవులకేమీ లోపం లేదు. డిజిటల్ మెట్టు ఉన్నంత మాత్రాన సంగీతం చెడిపోదు. కొన్నవాళ్లను బాధపెట్టింది ఆ సంగతి దాచిపెట్టడం. కోర్టుకు వెళ్లారు. ఆ తర్వాత ఆ కంపెనీ ఏ రికార్డు ఏ దారిలో తయారైందో చెప్పడం మొదలుపెట్టింది. మా యార్డులోనూ అంతే. మంచి ఏసీ కాయను చూపుతో పట్టుకోవడం ఎంతటివాడికైనా కష్టం, అందుకే రాయడం అనే పద్ధతి పెట్టుకున్నారు.

ఇది జాజ్ వినే కొద్దిమంది గొడవే అయితే పత్రికకు రాసేవాడిని కాదు. మన సంగీతం కూడా ఈ గ్రామఫోన్ ప్లేట్ల మీదే ఉంది. పద్మశ్రీ, సంగీత కళానిధి అందుకున్న నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా మన ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టారు. చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. శ్రీరంగంలో స్థిరపడ్డా ఆ గాలి ఈ నేలది. ‘పుష్పవిలాపం’ రాసిన కరుణశ్రీ గుంటూరు జిల్లా కొమ్మూరు మనిషి. ఆ పద్యాల్ని ఇంటింటికీ చేర్చింది ఘంటసాల గొంతూ, గ్రామఫోనూ. రంగస్థల నటుల్లో ఈలపాట రఘురామయ్యది సుద్దపల్లి, స్థానం నరసింహారావుది బాపట్ల. వన్స్‌మోర్లతో పది నిమిషాలు సాగే రంగస్థల పద్యాన్ని మూడు నిమిషాల ప్లేటులో ఎలా ఇమిడ్చారో వింటే ఆశ్చర్యమేస్తుంది. అది వేరే విద్య.

మన పద్యాల విషయంలో వేగమే ప్రాణం. పాత ప్లేట్లన్నీ సరిగ్గా నిమిషానికి 78 చుట్లు తిరిగేలా రికార్డు చేసినవి కావు. కొన్ని తక్కువ వేగంతో, కొన్ని ఎక్కువ వేగంతో తీసినవి. అన్నింటినీ ఒకే వేగంతో తిప్పి కంప్యూటర్లోకి ఎక్కిస్తే నాలుగు శ్రుతిలో పాడిన మనిషి నాలుగున్నరలో పాడినట్టు వినిపిస్తాడు, గొంతు సన్నబడుతుంది. రేపు దాన్ని విని నేర్చుకునే పిల్లవాడు ఆయన గొంతే అంత అనుకుంటాడు. అది పెద్దల గొంతుకు మనం చేసే అన్యాయం.

మళ్లీ అచ్చేసేవాళ్లు అట్ట వెనక నాలుగు సంగతులు రాస్తే చాలు. టేపు నుంచి తీశారా, పాత ప్లేటు నుంచా, కంప్యూటర్ ఫైలు నుంచా? వేగాన్ని, శ్రుతిని దేన్ని బట్టి ఖాయం చేశారు? చప్పుడు తుడిచారా, తుడిస్తే ఎంతమేర? ఎక్కడ, ఏ ఏడు అచ్చయింది? నాలుగు పంక్తుల సిరా ఖర్చు. అవి రాసి ఉంటే ఫైలు నుంచి తీసినదైనా నేను సంతోషంగా కొంటాను. నాలుగు వేలు పెట్టే మనిషికి ఆ సంగతులు తెలుసుకునే హక్కు ఉంది. కొనేవాళ్లు కూడా అడగాలి. అడగని సరుకుకు ఎవరూ చీటీ రాయరు.

ఇక మన ఇళ్లలోని ప్లేట్ల గురించి ఒక మాట. నా పాతికేళ్ల వయసులో మా ఊళ్లో ఒక పెద్దాయన ఇచ్చిన పద్యాల ప్లేటును శుభ్రం చేద్దామని దూదికి స్పిరిట్ అద్ది తుడిచాను. దూది నల్లబడింది. ఇంకా గట్టిగా తుడిచాను, ఇంకా నల్లబడింది. పోతున్నది మురికి కాదు, పద్యం అని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. 78 ప్లేటు తయారయ్యేది లక్కతో. రాతిపొడి, మసి, కొంచెం దూది పీచు కలిపి అచ్చు వేస్తారు. లక్క స్పిరిట్లో కరిగిపోతుంది. ఆ ప్లేటు మళ్లీ నాకు ఎక్కడా దొరకలేదు.

మన దేశంలో 78 ప్లేట్లు చాలాకాలం నడిచాయి. 1960ల్లో బీటిల్స్ పాటలు కూడా ఇక్కడ ఆ ప్లేట్ల మీద వచ్చాయి. అందుకే మన పల్లెల్లో అటకల మీద అవి ఇంకా ఉన్నాయి. పర్చూరు, ఇంకొల్లు, పొన్నూరు, తెనాలి వైపు పాత ఇళ్లు పడగొట్టేటప్పుడు ఇనుప సామానుతో పాటు వాటిని తూకానికి వేయకండి. ఎండాకాలం అటక మీద ఉంచకండి, ఎల్పీలు వంకరపోతాయి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టండి. పొడి మెత్తని గుడ్డతో తుడవండి, స్పిరిట్ ముట్టించకండి. లేబుల్ మీదున్న పేరూ నంబరూ ఒక కాగితం మీద రాసి పెట్టండి. రేపు ఎవరైనా నిజాయితీగా మళ్లీ అచ్చేయాలనుకుంటే వాళ్లకు మూలం మీ ఇంట్లోనే దొరకవచ్చు.