ఇంకెన్నాళ్లు పసివారు?



"మావాడింకా పసివాడు, వానికేమి తెలియును?" అను మాట మన ఊళ్లలో వినబడని దినము లేదు. ఆ పసివాడే తెల్లవారకముందు పొలమునకు నీరు కట్టి వచ్చును. కూలికి పోయి ఇంటికి డబ్బు తెచ్చును. బరువునకు పెద్దవాడు, మాటకు చిన్నవాడు! ఇది న్యాయమా?

ఈ విషయములో దేశము మనకంటె ముందే మేలుకొన్నది. 1988లో పార్లమెంటు రాజ్యాంగమునకు 61వ సవరణ చేసి, ఓటు వయస్సును 21 నుండి 18కి తగ్గించెను. 1989 మార్చి 28 నుండి అది అమలులోనికి వచ్చెను. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న స్త్రీపురుషులందరును గ్రామసభ సభ్యులే. 21 నిండినవారు పంచాయతీకి పోటీ చేయవచ్చును. చట్టము పీట వేసినది, కూర్చుండనీయనిది మనమే.

"వయస్సు వచ్చినంతనే బుద్ధి వచ్చునా?" అని పెద్దలు అడుగుదురు. రాదు, నిజమే. అయితే చెరువు గట్టున నిలువబెట్టినవానికి ఈత ఎన్నడు వచ్చును? మనము దగ్గరనుండి చూచుచుండగానే వాడు నీటిలో దిగవలెను.

ఆడపిల్లల సంగతి మరియు విచారకరము. 18 నిండగానే సంబంధము వెదకుదుము గాని, జాబితాలో ఆమె పేరు వెదకము. "రేపు అత్తవారింటికి పోవునుగదా" అందుము. ఇల్లు మారినవారు ఓటును కూడ మార్చుకొనవచ్చునని ఎరుగమా?

కావున మాటలు చాలించి పని చేయుదము. 17 నిండినవారు ముందుగానే దరఖాస్తు పెట్టుకొనవచ్చును. 6వ నంబరు ఫారమును వారిచేతనే వ్రాయించుడి. తప్పు వ్రాసినచో దిద్దుడి. కలము మాత్రము లాగుకొనకుడి. సంఘపు కానుకల లెక్క ఒక నెల యౌవనస్థులకు అప్పగించి, అందరియెదుట వారినే చదువనిండు. గ్రామసభకు వెంట తీసికొనిపోయి, వీధి కుళాయి సంగతి వారినే అడుగనిండు. ఎన్నికలనాడు ఫలానావారికి వేయుమని చెప్పి పంపకుడి. ఓటు రహస్యము, కన్నతండ్రికైనను చెప్పనక్కరలేదు.

పెద్దలారా, మన చేతికర్ర ఒకనాడు జారిపోవును. ఆనాడు బాధ్యత నెత్తికెత్తుకొనవలసినవారికి ఈనాడు అలవాటు చేయకపోయినచో, తప్పు వారిది కాదు, మనది. వచ్చు ఆదివారము లోపల మీ యింటి "పసివానికి" ఏ పని అప్పగింతురో ఈ రాత్రియే ఆలోచించుడి.