జీవలయల పరిశోధన: సమ్మతి పత్రంలో లేని రాత్రి

వెలుతురు నిడివిని లెక్కించడం సేద్య శాస్త్రజ్ఞులకు కొత్త కాదు. 1920లో గార్నర్, అలార్డ్‌లు పొగాకు, సోయాచిక్కుడు పూతపై పగటి నిడివి ప్రభావాన్ని వెల్లడించిన నాటి నుంచి మొక్కలను చీకటి గదులలో ఉంచుతూనే ఉన్నాము. మొక్కను అనుమతి అడగవలసిన పని లేదు. అదే అలవాటుతో కోళ్ల షెడ్డులోకి, కూలీల వద్దకు వెళ్లినప్పుడే చిక్కు వస్తున్నది.

ఇటీవల ఒక విద్యార్థి పరిశోధన ప్రణాళిక నా పరిశీలనకు వచ్చింది. రాత్రివేళ వరికి నీరు కట్టే కూలీల నిద్రను, శరీర ఉష్ణోగ్రతను రెండు వారాలపాటు నమోదు చేయాలన్నది ఉద్దేశం. విషయం మంచిదే. అయితే సమ్మతి పత్రంపై సంతకం చేయవలసినది క్షేత్ర పర్యవేక్షకుడట! కూలి ఇచ్చేవాని సంతకం కూలీ సమ్మతి కాజాలదు. పడుకున్న మనిషిని ప్రతి మూడు గంటలకు లేపుతామన్న సంగతి ఆ పత్రంలో లేనే లేదు. నిద్ర చెడిన మనిషి మర్నాడు స్ప్రేయరు భుజాన వేసుకుని పురుగుమందు కొట్టడానికి వెళితే జరగగల ప్రమాదానికి బాధ్యులెవరు? ప్రణాళికను తిప్పి పంపాను. విద్యార్థికి ఒక పంటకాలం పోయింది. అందుకు బాధ ఉన్నది, పశ్చాత్తాపం లేదు.

మానవుల విషయంలో 1964 నాటి హెల్సింకి ప్రకటన, భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు ఉన్నాయి. జంతువులకు 1960 నాటి చట్టం, 1998 నియమావళి ఉన్నాయి. కాని జీవలయల పరిశోధనలో కాలమే ప్రయోగ సాధనం. సూది పోటు, కత్తి గాటు లేవు కనుక బాధ లేదని నైతికతా సంఘాల ముందు వాదించేవారిని చూశాను. ఎడతెగని వెలుతురులో పెరిగిన కోడిపిల్లల కళ్లు అసహజంగా పెద్దవై దెబ్బతింటాయన్నది తెలిసిన విషయమే.

శాస్త్రీయంగానూ నష్టమే. రాత్రి నమూనా కోసం టార్చి వెలిగిస్తే, కొలవదలచిన మెలటోనిన్ నిమిషాలలోనే తగ్గనారంభిస్తుంది. ఎలుక నిశాచరి. దాని రక్తాన్ని ఏ వేళ తీశారో, పంజరం వద్ద వెలుతురు ఎన్ని లక్సులో, మేత ఎప్పుడు వేశారో రాయని ప్రయోగాన్ని మరొకరు తిరిగి చేయలేరు. అంటే ఆ ప్రాణులను వృథా చేసినట్లే. ఈ వివరాలు లేని వ్యాసాలను మన పత్రిక సమీక్షకులు వెనక్కి పంపాలి.

గేదెలకు మేత వేసే వేళపై చాలాకాలం క్రితం నేను సహరచయితగా వెలువడిన వ్యాసంలోనూ కొట్టంలో రాత్రి దీపం వెలిగేదో లేదో రాయలేదు. ఆనాడు మమ్మల్ని ఎవరూ అడగలేదు.