హైదరాబాదు నుంచి మన తీరానికి కబురు

2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూమి కంపించాక, సునామీ ఆంధ్రా తీరానికి చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అంత వ్యవధి ఉన్నా, హెచ్చరించే ఏర్పాటే అప్పుడు హిందూ మహాసముద్రంలో లేదు.

ఇప్పుడు ఉంది. యునెస్కో సమన్వయంతో భారత్, ఆస్ట్రేలియా, ఇండోనేషియా ఈ సముద్రం చుట్టూ ఉన్న దేశాలకు హెచ్చరికలు పంపుతున్నాయి. మన దేశం తరఫున ఆ పని చేసేది హైదరాబాదులోని ఇన్‌కాయిస్. భూకంప తరంగాలు సునామీ కంటే ఎన్నో రెట్లు వేగంగా వస్తాయి. ఆ తేడాయే మనకు దొరికే సమయం.

అయితే ఆ కబురు వెళ్లేది ప్రభుత్వాలకు. జనాన్ని కదిలించాల్సింది స్థానిక అధికారులు. మలేషియాలోనో మారిషస్‌లోనో ఉన్న మన ఫోన్లకు అది అక్కడి భాషలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. ఊరి నుంచి వచ్చిన అత్తయ్యగారు ఒంటరిగా ఇంట్లో ఉంటే? ఆవిడకు అర్థమయ్యేలా చెప్పాల్సింది మనమే.

మీ ఇల్లు సముద్రం ఒడ్డునే అయితే, ఈ వారం సాయంత్రం నడకకి పెద్దవాళ్లనీ పిల్లలనీ మెరక వైపు తీసుకెళ్లండి. దారి చూపించండి. ఒడ్డున నేల గట్టిగా ఊగినా, నీళ్లు ఉన్నట్టుండి వెనక్కి పోయినా సైరన్ కోసం ఆగొద్దనీ, వెంటనే ఆ దారి పట్టాలనీ చెప్పండి.