కాలిన లెక్క సరే, కిడ్నీ లెక్కేదీ?

2012 మే 22 తెల్లవారుజామున పెనుకొండ స్టేషన్లో హంపి ఎక్స్‌ప్రెస్ గూడ్సును గుద్దింది. బోగీ అంటుకుంది. 25 మంది దాకా పోయారు. 2013 డిసెంబర్ 28న కొత్తచెరువు దగ్గర నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీలో 26 మంది బలయ్యారు. 2022 జూన్ 30న ధర్మవరం పక్కనే తాడిమర్రి మండలంలో కూలికి పోతున్న ఆటో మీద కరెంటు తీగ పడి ఐదుగురు ఆడకూతుళ్లు కాలిపోయారు. నెపం ఉడుత మీదికి నెట్టారు మహానుభావులు! ఇవి పేపర్లకెక్కిన చావులు. స్టవ్వు పేలి, కొంగు అంటుకుని పోయేవాళ్ల సంగతో?

కాలిన మనిషి బతుకుతాడా అని అంచనాకు డాక్టర్ల దగ్గర ఓ పాత లెక్కుంది, బాక్స్ స్కోరు. వయసుకు కాలిన శాతం కలపడమే. 45 ఏళ్ల మనిషి 40 శాతం కాలితే 85. పొగ పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతింటే ఇంకో 17 కలపాలని 2010లో సవరించారు. ఇందులో కిడ్నీ ఊసే లేదు. అదే 85 ఉన్న ఇద్దరిలో కిడ్నీ నిలిచినవాడు ఇంటికి, చెడినవాడు కాటికి పోవచ్చు.

కిడ్నీ ఎందుకు చెడుతుంది? కాలిన ఒంట్లో రక్తనాళాల నుంచి నీరు కారిపోతుంది. 50 కిలోల ఆమె 40 శాతం కాలితే పార్క్‌లాండ్ సూత్రం ప్రకారం తొలి 24 గంటల్లో 8 లీటర్ల ద్రవం ఎక్కించాలి. అందులో సగం మొదటి 8 గంటల్లోనే. ఆ గడియారం ఆస్పత్రి గడప తొక్కినప్పుడు కాదు, కాలిన నిమిషంలోనే మొదలవుతుంది. హిందూపురం నుంచి అనంతపురం వంద కిలోమీటర్ల పైచిలుకు. రెఫర్ చీటీ, అంబులెన్సు, రోడ్డు... గడువంతా దారిలోనే కరగాలా? కరెంటు కేసైతే ఇంకా మోసం. పైన కాలింది కొంచెమే కనిపిస్తుంది, లోపల కండ చితికి ఆ మడ్డి కిడ్నీకి అడ్డం పడుతుంది. మూత్రం నల్లబడుతుంది. శాతం లెక్క అక్కడ గుడ్డిదే.

కిలోకు గంటకు అర మిల్లీలీటరు కన్నా తక్కువ మూత్రం ఆరు గంటలు సాగినా, క్రియాటినిన్ రెండు రోజుల్లో 0.3 పెరిగినా కిడ్నీ దెబ్బతిన్నట్టేనని 2012 నాటి కేడిగో ప్రమాణం. దీనికి ఎయిమ్స్ కావాలా? ఓ గొట్టం, ఓ సంచి, గంట గంటకూ రాసే నర్సు చాలు.

అయితే ఒకటి. ‘స్కోరెక్కువ, తీసుకుపోండి’ అనడానికి ఈ లెక్క వాడితే అది వైద్యం కాదు, చేతులు దులుపుకోవడం. ముప్పు ఎక్కువున్నవాడినే ముందు పంపాలి, డయాలసిస్ ఉన్నచోటికి పంపాలి.

పెనుకొండ మెడికల్ కాలేజీకి 2021లో శంకుస్థాపన చేశారు. 2025లో పీపీపీ జాబితాలో వేశారు. ఎవరు నడిపినా కాలినవాళ్ల వార్డు, డయాలసిస్ మొదటి రోజే ఉండాలి. అంతదాకా మూడు ఊళ్ల ఆస్పత్రుల రెఫర్ చీటీ మీద కాలిన టైము, ఎక్కించిన ద్రవం, వచ్చిన మూత్రం రాయడం తప్పనిసరి చేయాలి. విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ సోదరులారా, ఈసారి డీఎంహెచ్‌ఓకిచ్చే వినతిపత్రంలో దీన్నే మొదటి డిమాండుగా పెట్టండి.