వినికిడితో పాటు ఇంటి భాష కూడా ఇవ్వాలి

తమిళనాడులో ఆరేళ్లలోపు బిడ్డకు పుట్టు చెవుడు ఉందని తేలితే, లక్షల ఖరీదు చేసే కాక్లియర్ ఇంప్లాంట్‌ను ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం కింద ఉచితంగా అమరుస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ అంతకు ముందే ఈ దారి తొక్కింది. వికలాంగులకు సహాయ పరికరాలు అందించే అడిప్ పథకాన్ని కేంద్రం 2014లో సవరించి, దాని ద్వారా ఒక్కో బిడ్డకు 6 లక్షల రూపాయల దాకా సాయం మొదలుపెట్టింది. కూలి చేసుకుని బతికే తల్లిదండ్రులు ఎన్నటికీ కొనలేని యంత్రం వాళ్ల బిడ్డకు అందడం గొప్ప సంగతే. కానీ కృష్ణగిరి జిల్లా గురుబరపల్లి లాంటి ఊళ్లకు వచ్చేసరికి ఈ పథకాలు అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోతోంది. ఆ బిడ్డ ఏ భాష వినాలి?

హోసూరు, సూళగిరి, గురుబరపల్లి చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. బడిలో, ఆఫీసుల్లో తమిళం. ఇరుగుపొరుగున కన్నడం, ఉర్దూ. వినే పిల్లలు వీటన్నిటినీ ఆటల్లోనే పట్టేస్తారు. చెవుడుతో పుట్టిన బిడ్డకు ఆ వీలు లేదు. చెవిన పడే ప్రతి మాటనూ ఎవరో ఒకరు దగ్గర కూర్చుని, మళ్లీ మళ్లీ పలికి అందించాలి.

ఆపరేషన్ అయిన మర్నాడే బిడ్డ మాట్లాడడు. కొన్ని వారాల తర్వాతే యంత్రాన్ని పని చేయిస్తారు. చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్ శబ్దాన్ని సంకేతాలుగా మార్చి, చర్మం కింది పరికరానికి పంపుతుంది. అక్కణ్నుంచి లోపలి చెవిలోని ఎలక్ట్రోడ్లు నేరుగా నరాన్ని ప్రేరేపిస్తాయి. సహజమైన చెవిలో సుమారు 3,500 లోపలి రోమకణాలు చేసే పనిని ఇక్కడ 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు నెట్టుకురావాలి. ఆ కొద్దిపాటి ధ్వనికి అర్థం చెప్పుకోవలసింది మెదడే. దానికీ గడువుంది. మూడున్నరేళ్లలోపు ఇంప్లాంట్ పొందిన పిల్లల్లో మెదడు స్పందన ఎక్కువగా మామూలు స్థాయికి చేరుతుందనీ, ఏడేళ్లు దాటితే అది కష్టమవుతుందనీ పరిశోధకురాలు అను శర్మ బృందం 2002లో చూపింది.

ఇంత విలువైన కాలాన్ని పరాయి భాషలో గడపమనడం అన్యాయం. చెన్నైలోనో సేలంలోనో స్పీచ్ థెరపీ అంటే సహజంగానే తమిళంలో సాగుతుంది. అక్కడ బిడ్డ గడిపేది వారానికి గంటో రెండు గంటలో. మిగతా కాలమంతా ఇంట్లోనే. సంగటి కెలుకుతూ, స్నానం చేయిస్తూ, నిద్రపుచ్చుతూ అమ్మ, అవ్వ మాట్లాడేది తెలుగు. తెలుగులో అర్థం చాలావరకు మాట చివర తేలుతుంది. ఇంట్లో, ఇంటికి, ఇంటినుంచి. వచ్చాడు, వచ్చింది, వచ్చారు. ఆ చిన్న తేడాలు చెవికి అలవాటు కావాలంటే తడబాటు లేకుండా మాట్లాడేవాళ్ల నోట రోజంతా వినాలి. తనకే సరిగా రాని తమిళంలో నాలుగు ముక్కలు పలికే తల్లి వల్ల అది కాదు. పైగా తప్పు మాట్లాడతానన్న భయంతో ఆమె మాటలు తగ్గిస్తే, బిడ్డ రెండు భాషలకూ దూరమవుతాడు.

రెండు భాషలు కలిస్తే బిడ్డ తికమక పడతాడని, బడి భాష ఒక్కటే పట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. 2006 చట్టం తమిళనాడు బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసింది కాబట్టి తల్లిదండ్రుల ఆందోళన అర్థం చేసుకోదగిందే. అయితే ఇంట్లో ఒక భాష, బడిలో మరొకటి ఉన్న ఇంప్లాంట్ పిల్లలపై వివిధ దేశాల్లో జరిగిన పరిశోధనలు ఇంటి భాష వల్ల బడి భాష దెబ్బతింటుందని తేల్చలేదు. ఒక భాష గట్టిగా నాటుకుంటే రెండోదానికి అదే ఆసరా.

సైగల భాష విషయంలోనూ ఇదే భయం. చేతులు అలవాటైతే నోరు విప్పడని చాలామంది నమ్మకం. పుట్టిన దగ్గర నుంచీ సైగల భాష నేర్చి, తర్వాత ఇంప్లాంట్ పొందిన పిల్లల ఇంగ్లీషు వినే పిల్లలకు దీటుగా ఉందని 2014లో అమెరికాలో ఒక చిన్న అధ్యయనం చూపింది. దీనిపై నిపుణుల మధ్య వాదం ఉంది, నిజమే. కానీ ఇంప్లాంట్ ఆలస్యమైన, సరిగా పని చేయని, పాడైతే బాగు చేయించుకునే స్తోమత లేని పిల్లల్ని ఏ భాషా లేకుండా వదిలేయడాన్ని ఏ వాదమూ సమర్థించదు. 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం పని జిల్లాల దాకా రావాలి.

చేయవలసింది స్పష్టంగానే ఉంది. మొదటిది చెవుడును తొందరగా గుర్తించడం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో దగ్గరి బంధువుల పెళ్లిళ్లు 11 శాతమైతే, తమిళనాడులో 28 శాతం. మేనరికాల్లో పుట్టు చెవుడు అవకాశం ఎక్కువ. తల్లిని నిందించడానికి కాదు, కాన్పు జరిగిన ప్రతిచోటా నెలలోపే వినికిడి పరీక్ష చేయడానికి ఈ అంకెను వాడుకోవాలి. గురుబరపల్లికి దగ్గరలోనే పోలుపల్లిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. తెలుగు, కన్నడం, ఉర్దూ వచ్చిన థెరపిస్టులను అక్కడే నియమించాలి. తల్లులకు వాళ్ల భాషలోనే శిక్షణ ఇవ్వాలి. ప్రాసెసర్ మరమ్మతు, బ్యాటరీల ఖర్చు బిడ్డ చదువు పూర్తయ్యేదాకా పథకమే భరించాలి.

ఏటా ఎన్ని ఆపరేషన్లు చేశామన్న లెక్క ప్రభుత్వాల దగ్గర ఉంటుంది. ఆ పిల్లల్లో ఎందరు అయిదేళ్లకు తమ ఇంటివాళ్లతో మనసులో మాట చెప్పుకోగలుగుతున్నారో కూడా లెక్క తీయాలి. ఖర్చు పెట్టిన ప్రతి రూపాయికీ సార్థకత తేల్చేది ఆ రెండో లెక్కే.